కరెంటు నుంచి కరికులం దాకా

పోటీ పరీక్షలకు చదివేవాళ్ల గదుల్లో గోడకు అంటించిన కాగితం ఒకటి తరచూ కనిపిస్తుంది. అబేట్, అబెరెంట్, అబెయన్స్, అబ్‌స్కాండ్... ఒక్కోదాని ఎదురుగా తెలుగు అర్థం. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే చోటు పట్టుకుని కూర్చునే ఉద్యోగార్థుల నోటుబుక్కుల్లోనూ ఇదే వరస. అక్షర క్రమంలో బట్టీ పట్టుకుంటూ పోయి 'సి'కి చేరేసరికి 'ఎ' మరుపున పడుతుంది. మళ్లీ మొదటికి రావాలి. ఇలా రెండు మూడుసార్లు జరిగాక చాలామంది తమకు ఇంగ్లీషు రాదని తీర్మానించుకుంటారు. ఆ తీర్మానం తప్పు. పొత్తు లేని మాటల్ని వరసగా పేరిస్తే ఎంత చురుకైన బుర్రలోనూ నిలవవు. మాటను వెతుక్కోవడానికి అక్షర క్రమం కావాలి గానీ, మాటను గుర్తుంచుకోవడానికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మాటల్ని కుటుంబాలుగా పట్టుకోవాలి. ఇంగ్లీషు నిఘంటువులోని మాటల్లో సగానికి పైగా నేరుగా లాటిన్ నుంచో, లాటిన్ బిడ్డ అయిన ఫ్రెంచి మీదుగానో వచ్చినవే. ఆ లాటిన్ మూలాలు మనకు కొత్త కూడా కావు. ఇంగ్లీషు అనుకోకుండానే మనం రోజూ వాడే మాటల్లో అవి ఉన్నాయి.

కరెంటు పోయిందనని తెలుగు ఇల్లు లేదు కాబట్టి అక్కడే మొదలుపెడదాం. లాటిన్‌లో 'కుర్రెరె' అంటే పరుగెత్తడం. తీగలో పరుగు తీసేది కరెంటు. ఒక చేతినుంచి మరో చేతికి పరుగు తీసేది కరెన్సీ. పార్సిల్ పట్టుకుని పరుగున వచ్చేది కొరియర్. కంప్యూటర్ తెర మీద అటూ ఇటూ పరుగు తీసేది కర్సర్. ఒక గదినుంచి ఇంకో గదికి పోయే దారి కారిడార్. మీరు చేరిన కోర్సుదీ ఇదే మూలం. మొదట దానికి పరుగు, పరుగు సాగే దారి అనే అర్థాలు ఉండేవి. కరికులం అంటే రోమన్లకు పరుగు పందెం, పందెం సాగే బాట. ఇప్పుడది పిల్లలు ఏడాది పొడుగునా దాటాల్సిన పాఠాల బాట అయింది. బడి పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కు తీసుకెళ్తారు. 'ఎక్స్' అంటే బయటికి. అమ్మ బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌లో 'రి' అంటే మళ్లీ. నెల తిరిగేసరికి మళ్లీ పరుగున వచ్చే వాయిదా అది.

ఇంతవరకూ చెప్పినవాటిలో మీకు తెలియని మాట బహుశా ఒక్కటీ లేదు. కొత్తగా తెలిసింది ఒక్క 'కర్'. దాన్ని పట్టుకుని ఇప్పుడు తెలియని మాటల్లోకి వెళ్దాం.

రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో ఉమ్మడి జాబితా ఉంది. ఇంగ్లీషులో దాన్ని కన్‌కరెంట్ లిస్ట్ అంటారు. 'కన్' అంటే కలిసి. కేంద్రమూ రాష్ట్రమూ ఒకే అంశం మీద పక్కపక్కనే పరుగెత్తగలిగే జాబితా అది. కోర్టు తీర్పుల్లోనూ ఈ మాట వస్తుంది. నిందితుడికి రెండు నేరాల్లో శిక్షలు పడితే, రెండూ ఏకకాలంలో అమలవుతాయని చెప్పడానికి జడ్జిగారు 'రన్ కన్‌కరెంట్లీ' అని రాస్తారు. పరుగు అనే భావం ఆ వాక్యంలో రెండుసార్లు ఉంది. 'కన్‌కర్' అంటే మరొకరి అభిప్రాయంతో కలిసి నడవడం, అంటే ఏకీభవించడం. ప్రయాణ భత్యం బిల్లులో ఎక్స్‌పెండిచర్ 'ఇన్‌కర్డ్' అని రాస్తుంటారు. 'ఇన్' అంటే లోపలికి. ఖర్చులోకో నష్టంలోకో అప్పులోకో పరుగెత్తి పడటం 'ఇన్‌కర్'. తుఫానుకు ముందు వచ్చే ఈదురుగాలి దానికి 'ప్రికర్సర్', ముందు పరుగెత్తుకొచ్చేది. ఫైలును నిలబడి చదవకుండా కళ్లు పరుగెత్తించి పక్కన పెడితే ఆ చూపు 'కర్సరీ'. ఆపదలో ఉన్నవాడి దగ్గరికి పరుగెత్తి వెళ్లి చేసే సాయం 'సక్కర్'.

ఇవన్నీ పోటీ పరీక్షల్లో తరచూ తగిలే మాటలే. గోడ మీద కాగితంలో విడివిడిగా ఉంటే ఒక్కోదాన్ని ఒక్కోసారి మోయాలి. కరెంటు పక్కన కూర్చోబెడితే అన్నీ ఒకేసారి అందుతాయి.

ఇంగ్లీషులో ఇంత లాటిన్ ఎందుకు చేరిందో క్లుప్తంగా చెప్పుకోవాలి. 1066లో ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి అక్కడి ప్రభువు విలియం సైన్యంతో వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచాడు. ఆ తర్వాత సుమారు మూడు వందల ఏళ్లు దర్బారులో, న్యాయస్థానంలో ఫ్రెంచిదే పెత్తనం. చర్చిలో, విద్యలో లాటిన్. న్యాయస్థానాల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం చేసింది 1362లోనే. పొలంలోనూ వంటింట్లోనూ పాత ఇంగ్లీషు మాటలు మిగిలాయి. కచేరీకి, ఆస్తికి, వైద్యానికి, శాస్త్రానికి సంబంధించినవి లాటిన్, ఫ్రెంచి మాటలయ్యాయి. మన దగ్గరా ఇలాగే జరిగింది. గోల్కొండ, మొగలు, నిజాం పాలనల్లో కచేరీ భాష పర్షియన్ కావడంతో తహసీల్దారు, జమాబందీ, వసూలు, దస్తావేజు, వకీలు మన మాటలైపోయాయి. నాగలి, నాట్లు, కూర, చారు మాత్రం మనవిగానే ఉన్నాయి. కాబట్టి లాటిన్ మూలాలు ఎక్కువగా అక్కరకొచ్చేది పత్రికలు, పరీక్షలు, కోర్టు కాగితాలు, ఆస్పత్రి రిపోర్టులు, కాలేజీ పుస్తకాలు చదివేటప్పుడే.

ఉపసర్గలు వచ్చినవాళ్లకు ఇది తెలిసిన విద్య

తెలుగు మీడియంలో చదివామని వెనకాడేవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ పద్ధతిలో మీరు ముందున్నారు. బడిలో ఉపసర్గలు చదివారు కదా, ప్ర, పరా, అప, సమ్ అంటూ ఇరవై రెండు. 'హృ' అనే ధాతువుకు తీసుకుపోవడం అని అర్థం. దానికి ముందు ఏది చేరితే ఏమవుతుందో మనకు తెలుసు. ఆహారం, విహారం, సంహారం, పరిహారం, ఉపహారం అన్నీ ఆ ఒక్క ధాతువు నుంచి వచ్చినవే. తిండికీ చంపడానికీ ఒకటే ధాతువు ఏమిటని మనం కంగారు పడలేదు. ముందున్న ముక్క అర్థాన్ని ఎంత దూరమైనా తీసుకుపోతుందని చిన్నప్పుడే ఒప్పుకున్నాం.

లాటిన్‌లోనూ అదే పని జరుగుతుంది. 'పోర్ట్' అంటే మోయడం. లోపలికి మోస్తే ఇంపోర్ట్, బయటికి మోస్తే ఎక్స్‌పోర్ట్, ఒకచోటి నుంచి అవతలి చోటికి మోస్తే ట్రాన్స్‌పోర్ట్, దేశం నుంచి పంపేస్తే డిపోర్ట్. కిందినుంచి మోస్తే సపోర్ట్. జరిగిన సంగతిని మోసుకొచ్చి చెబితే రిపోర్ట్.

సంధి కూడా ఉంది. ఉత్ + లాసం ఉల్లాసం అవుతుందని, సత్ + జనుడు సజ్జనుడు అవుతాడని మాస్టారు చెప్పారు. ముందున్న హల్లు వెనక ఉన్న హల్లు పోలిక తెచ్చుకుంటుంది. లాటిన్‌లో 'ఇన్' అనే నిషేధం 'లీగల్'తో కలిస్తే ఇల్లీగల్ అవుతుంది, 'రెగ్యులర్'తో కలిస్తే ఇర్రెగ్యులర్, 'మోరల్'తో కలిస్తే ఇమ్మోరల్. 'కన్' అనేది కలెక్ట్‌లో 'ఎల్'గా, కరెక్ట్‌లో 'ఆర్'గా, కమిటీలో 'ఎం'గా మారింది. 'వైపు' అనే అర్థమున్న 'అడ్' ఇంకా చంచలమైనది. అట్రాక్ట్‌లో 'టి', అఫెక్ట్‌లో 'ఎఫ్', అప్లైలో 'పి', అసిస్ట్‌లో 'ఎస్' అయింది.

దీనివల్ల స్పెల్లింగుల బెడద చాలావరకు తీరుతుంది. ఏ అక్షరం రెండుసార్లు రాయాలో తెలియక తికమకపడే మాటల్లో అకామడేషన్ పేరుమోసినది. విడదీసి చూడండి. 'అడ్' మారి 'ఎ', 'సి' అయింది. దాని పక్కన 'కన్' మారిన 'కామ్', ఆపైన కొలత, తీరు అనే అర్థమున్న 'మోడ్'. మొదటి ముక్క చివర ఒక 'సి', రెండో ముక్క మొదట్లో ఇంకో 'సి'. రెండో ముక్క చివర ఒక 'ఎం', మూడో ముక్క మొదట్లో ఇంకో 'ఎం'. రెండు 'సి'లు, రెండు 'ఎం'లు ఎందుకో ఒకసారి తెలిశాక హాస్టల్ దరఖాస్తులో మరి తప్పు రాయరు. అకరెన్స్ కూడా అంతే. 'ఎదురుగా' అనే అర్థమున్న 'ఆబ్' సంధిలో 'ఓ', 'సి'గా మారి 'కర్'తో కలిసింది కాబట్టి రెండు 'సి'లు. 'కుర్రెరె'లోని జంట 'ఆర్' అలాగే నిలిచింది కాబట్టి రెండు 'ఆర్'లు.

పలకని అక్షరాల సంగతీ ఇక్కడే చెప్పాలి. అప్పును ఇంగ్లీషులో 'డెట్' అంటాం, రాసేటప్పుడు మధ్యలో ఒక 'బి' ఇరికిస్తాం. పాత ఇంగ్లీషు రాతల్లో ఆ 'బి' లేదు. లాటిన్ 'డెబిటుమ్' గుర్తుండాలని పండితులు తర్వాత తెచ్చిపెట్టారు. బ్యాంకు మెసేజ్‌లో వచ్చే డెబిట్ అన్న మాట తలుచుకుంటే 'బి' తప్పిపోదు. డౌట్‌లోని 'బి'కి లాటిన్ 'డుబిటారె' కారణం. రిసీట్‌లో మూగ 'పి' ఉంది. రిసెప్షన్‌లో అదే 'పి' పలుకుతుంది. మూగ అక్షరం ఎదురైతే అదే కుటుంబంలో దాన్ని పలికే మాట ఏదైనా ఉందా అని వెతకండి, చాలాసార్లు దొరుకుతుంది.

సంస్కృతం తెలిస్తే ఇంకో లాభం

1786 ఫిబ్రవరి 2న కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ సభలో అక్కడి న్యాయమూర్తి విలియం జోన్స్ ఒక ప్రసంగం చేశాడు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలభాష నుంచి పుట్టి ఉండాలన్నాడు. తెలుగు ఆ కుటుంబానిది కాదు. దక్షిణాది భాషలది వేరే కుదురని 1816లో మద్రాసులోని ఆంగ్ల అధికారి ఎల్లిస్ చూపించాడు. అయినా మన తత్సమాలు వేలల్లో ఉన్నాయి కాబట్టి ఆ చుట్టరికం మనకు పనికొస్తుంది.

దంతానికి లాటిన్‌లో 'డెంట్', అందుకే డెంటిస్టు. పాదానికి 'పెడ్', అందుకే సైకిల్ పెడల్, రోడ్డు మీద పెడెస్ట్రియన్. అగ్నికి 'ఇగ్నిస్', బండి ఇగ్నిషన్‌లో రాజుకునేది అదే. దానానికి 'డోనుమ్', రక్తం ఇచ్చేవాడు డోనర్. యువకుడికి 'జువెనిస్', బాల నేరస్థుల చట్టం జువెనైల్ జస్టిస్ యాక్ట్. మృతికి 'మోర్ట్', ఆస్పత్రిలో మార్చురీ. నవానికి 'నోవ', పాతదాన్ని మళ్లీ కొత్తగా చేస్తే రెనొవేషన్. మధ్యకు 'మెడి', మీడియేటర్ అంటే మధ్యవర్తే. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, డిసెంబరులలో సప్త, అష్ట, నవ, దశ వినిపిస్తాయి. పాత రోమన్ల ఏడాది మార్చితో మొదలయ్యేది కాబట్టి అవి ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది నెలలు.

వీటన్నిటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 'ఇంటర్నేషనల్'. 'ఇంటర్' మన 'అంతర్'కు చుట్టం. 'నేషన్'లోని 'నాట్' పుట్టుకను చెప్పే మూలం, మన 'జన్' ధాతువుకు చుట్టం. జాతి అన్న మాట ఆ జన్ నుంచే పుట్టింది. అంతర్జాతీయం అని మనం అంటున్నప్పుడు రెండు ముక్కలూ లాటిన్ ముక్కలతో సరిగ్గా కలుస్తున్నాయి. నేటివ్, నేటల్ (పుట్టుకకు చెందినది), నాసెంట్ (అప్పుడే పుడుతున్నది), రినైసాన్స్ (మళ్లీ పుట్టడం) ఇక మీకు పరాయి మాటలు కావు.

ఎక్కడ మోసపోతారు

మూలం ఇంటిపేరు లాంటిది. ఏ వంశమో చెబుతుంది, మనిషి ఎలాంటివాడో చెప్పదు. కాబట్టి మూలాన్ని బట్టి ఊహించడం మంచిదే గానీ నిఘంటువు చూడకుండా ఆ ఊహను ఖాయం చేసుకోకూడదు.

మనం మొదలుపెట్టిన 'కర్'లోనే ఉచ్చు ఉంది. సెక్యూరిటీ, క్యూర్, అక్యురేట్, మానిక్యూర్, మ్యూజియం క్యూరేటర్... వీటిలో పరుగు లేదు. ఇవి 'కురా' అనే వేరే మాటవి, దాని అర్థం శ్రద్ధ, చింత. చింత లేకపోవడమే సెక్యూరిటీ. సాధారణంగా పరుగు కుటుంబంలో 'కర్' అనో 'కర్స్' అనో, శ్రద్ధ కుటుంబంలో 'క్యూర్' అనో వినిపిస్తుంది. చెవిని నమ్మితే ఇక్కడ కొంత మేలు. ఇక కర్ఫ్యూకు ఈ రెండిటితోనూ సంబంధం లేదు. పాత ఫ్రెంచిలో 'నిప్పు కప్పెయ్యండి' అనే రాత్రి గంట హెచ్చరికే కర్ఫ్యూ అయింది.

ఎయిర్‌పోర్టులోని 'పోర్టు' కూడా మోసేది కాదు. అది రేవు, విశాఖ పోర్టులో ఉన్నదే. గాలి రేవువైపు వీచడం అనే భావం నుంచే ఆపర్చునిటీ వచ్చింది. పిల్లల డాక్టరును పీడియాట్రిషన్ అంటారు, పాదంతో పని లేదు. గ్రీకులో పిల్లవాడికి ఉన్న మాట అది.

'ఇన్'తో జాగ్రత్తగా ఉండాలి. దానికి 'కాదు' అనీ, 'లోపలికి' అనీ రెండు అర్థాలు. పెట్రోలు ట్యాంకరు వెనక 'ఇన్‌ఫ్లేమబుల్' అని రాసి ఉంటుంది. మంటలోకి పోయేది, అంటే తేలిగ్గా అంటుకునేది అని దాని అర్థం. అంటుకోనిదని చదివితే ప్రాణానికే ముప్పు. అందుకే 20వ శతాబ్దంలో అగ్నిప్రమాదాల నివారణకు పాటుపడేవాళ్లు 'ఫ్లేమబుల్' అని రాయడం మొదలుపెట్టించారు.

నోటుబుక్కు ఎలా పెట్టాలి

వారానికి రెండు మూలాలు చాలు. పేజీ పైన మూలం, దాని అర్థం రాయండి. కింద ముందు మీరు ఇప్పటికే వాడుతున్న మాటలు నాలుగైనా రాయాలి. ఈ మెట్టు దాటేసి నేరుగా కష్టమైన మాటల్లోకి దూకేవాళ్లే మళ్లీ బట్టీలోకి జారతారు. ఉదాహరణకు లాగడం అనే అర్థమున్న 'ట్రాక్ట్' తీసుకోండి. దుక్కి లాగేది ట్రాక్టరు. కాలు విరిగితే ఆస్పత్రిలో బరువు కట్టి లాగేది ట్రాక్షన్. ఇద్దరినీ ఒక కట్టుబాటులోకి లాగేది కాంట్రాక్టు. లెక్కలో కిందినుంచి లాగేసేది సబ్‌ట్రాక్షన్. చదువు నుంచి మనసును పక్కకు లాగేది డిస్ట్రాక్షన్. ఇవి రాశాకే ప్రొట్రాక్టెడ్ (ముందుకు లాగి లాగి సాగదీసిన), రిట్రాక్ట్ (అన్న మాట వెనక్కి లాక్కోవడం), ఇంట్రాక్టబుల్ (ఎంత లాగినా లొంగనిది) రాయండి. మాట ఎదురైన వెంటనే నిఘంటువు తెరవకుండా ముందు మీ ఊహ పెన్సిల్‌తో రాసి, తర్వాత సరిచూసుకోండి. ఊహ తప్పినా ఆ మాట బాగా గుర్తుంటుంది. చివరికి ఆ మాటతో మీ జీవితానికి సంబంధించిన వాక్యం ఒకటి రాయాలి. పుస్తకంలోని వాక్యం ఎత్తి రాసుకుంటే లాభం లేదు.

స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) పరీక్షల్లో వచ్చే ఒక్క మాటలో చెప్పే ప్రశ్నలకు 'సైడ్' ఒక్కటే చాలా జవాబులిస్తుంది. పురుగుమందు పెస్టిసైడ్, బూజు తెగులు మందు ఫంగిసైడ్ అని రైతు ఇంట్లో అందరికీ తెలుసు. 'సైడ్' అంటే చంపడం, చంపేది. హోమిసైడ్ (నరహత్య), మాట్రిసైడ్ (మాతృహత్య), రెజిసైడ్ (రాజహత్య), జెనోసైడ్ (జాతి నిర్మూలన) అక్కడినుంచి ఒక్క అడుగు.

పుస్తకం కావాలంటే నార్మన్ లూయిస్ 1949లో రాసిన 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' ఇప్పటికీ మంచిది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ప్రతులు దొరుకుతాయి. డగ్లస్ హార్పర్ నడిపే 'ఎటిమాన్‌లైన్' నిఘంటువులో ఏ మాట పుట్టుకైనా ఉచితంగా చూడొచ్చు. పైన చెప్పిన ఉచ్చుల్లో పడకుండా కాపాడేది అదే.

ఈ పద్ధతి ఒక పని చేయదు. మాట్లాడే ఇంగ్లీషు దీనివల్ల రాదు. గెట్, పుట్, టేక్, గివ్ అన్నీ లాటిన్ నుంచి రాని మాటలు. 'పుట్ అప్ విత్' అంటే భరించడమని ఏ లాటిన్ మూలమూ చెప్పదు. అది వింటూ మాట్లాడుతూ రావాల్సిందే. నేర్చుకున్న బరువైన మాటలన్నీ ఉత్తరంలో గుమ్మరించడమూ మంచిది కాదు. 'స్టార్ట్' సరిపోయే చోట 'కమెన్స్' రాయాల్సిన పనిలేదు. మూలాలు చదివి అర్థం చేసుకోవడానికి, రాసేటప్పుడు తేలిక మాటే గొప్పది.

చివరగా ఉపాధ్యాయులకు ఒక విన్నపం. చాలా బళ్లలో తెలుగు పీరియడ్‌లో ఉపసర్గలూ సంధులూ ఒక నెలలో, ఇంగ్లీషు పీరియడ్‌లో ప్రిఫిక్సులు ఇంకో నెలలో జరుగుతున్నాయి. ఒకదాని సాయం ఇంకోదానికి అందడం లేదు. తెలుగు మాస్టారు, ఇంగ్లీషు మాస్టారు ఒక్కసారి స్టాఫ్‌రూమ్‌లో కలిసి కూర్చుని ఈ రెండు పాఠాలనూ ఒకే వారంలోకి తెచ్చుకోండి. విహారం పక్కన ట్రాన్స్‌పోర్ట్‌ను, ఉల్లాసం పక్కన ఇల్లీగల్‌ను ఒకే బోర్డు మీద రాయండి.